కొట్టు కట్టేసిన మధ్యాహ్నం

కిందటివారం మనం వెన్నక్కను షెడ్డు బయట, సగం ఎత్తిన షట్టరు పట్టుకుని ఉండగా వదిలేశాం. పసిపిల్లల ఒంటికి రాసే క్రీము ఆమె ఇంట్లో తన చేత్తో కాచి, ఆన్‌లైన్ దుకాణంలో అమ్ముతుందనీ, వెన్నలా ఉండే ఆ క్రీము వల్లనే ఆమెకా పేరు వచ్చిందనీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కాచడం వరకే ఆమె పని. దాన్ని ఈ షెడ్డులో డబ్బాల్లో నింపడం, సీలు వేయడం, ఊళ్ళకు పంపడం, వెబ్‌సైటు చూసుకోవడం అంతా తమ్ముడిదే. కొన్నవాళ్ళ సందేశాలకు జవాబులిచ్చేది తమ్ముడి భార్య. ఆ పొద్దున ఒక తల్లి పంపిన ఫోటోను మరదలు వెన్నక్కకు చూపించింది. అప్పుడే సీలు విప్పిన కొత్త డబ్బా. లోపల నున్నగా ఉండాల్సిన క్రీములో, వేలు పెట్టి తీసుకున్న గుంట. ఆ గుంటలో ఒక వెంట్రుక.

ఆ వెంట్రుక ఎక్కడిదో తెలుసుకుందామనే వెన్నక్క చెప్పాపెట్టకుండా వచ్చింది.

షట్టరు మిగతా సగం ఎత్తేసరికి ముందు వాసన తగిలింది. ఆమె క్రీములో లావెండర్ ఉందా లేదా అన్నట్టుగా పడుతుంది. ఇక్కడ అది గొంతు పట్టుకునేంత ఘాటుగా ఉంది. దాని కింద నుంచి ఇంకో వాసన వస్తోంది, విరిగిన పాలు, మాసిన దిండుగలీబు కలిస్తే వచ్చేలాంటిది. ఒకప్పుడు కార్లు బాగుచేసిన షెడ్డు అది. నేలమీద ఇంకా ఆ నల్లటి నూనె మరకలు ఉన్నాయి గానీ, ఈ కంపు వాటిది కాదు.

పొడవాటి బల్లమీద మూతలు తీసిన డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒకటి సగం ఖాళీ. ఒకదానిలో మూడు వేళ్ళతో గీరిన చారలు. ఇంకోదానిలో బిస్కెట్ పొడి అంటుకుని ఉంది. అన్నీ వాడిన డబ్బాలే, కొన్నవాళ్ళు నచ్చలేదని తిప్పిపంపినవే. బల్ల చివర కరెంటు పొయ్యి, దానిమీద స్టీలు గిన్నె. తమ్ముడు ఒక్కో డబ్బాలోంచి క్రీమును కత్తితో గీకి ఆ గిన్నెలో వేస్తున్నాడు. గిన్నెలో అది కరిగి, పైన బూడిదరంగు నురగ కట్టింది.

షట్టరు చప్పుడుకు వాడు తలెత్తాడు. చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది.

"అక్కా... ఫోన్ చేసి రావచ్చుగా."

"చేసి వస్తే గిన్నె దాచేసేవాడివా?"

బల్లకు అవతల, ట్యూబులైటు కింద, గుమ్మానికి వీపు పెట్టి ఒకావిడ కూర్చుని ఉంది. వడకట్టిన గుడ్డను ఒళ్ళో పరుచుకుని, ముళ్ళు తీసే చిన్న పట్టకారుతో దానిలోంచి ఏవో ఏరుతోంది. పనికి కుదుర్చుకున్న మనిషి కాబోలు అనుకుంది వెన్నక్క. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వెనక్కి తిరిగింది.

అమ్మ.

"వచ్చావా అమ్మడూ, కూర్చో. ఎండన పడి వచ్చావు. కాసిని మంచినీళ్ళు తాగు."

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే 'తమ్ముడికి లేబుళ్ళు అంటించి వస్తా'నని అమ్మ ఇక్కడికి బయల్దేరేది. ఈ వయసులో కూడా కొడుక్కి సాయం చేస్తోందని వెన్నక్క ఎంత మురిసిపోయిందో. తనే రిక్షా మాట్లాడి ఎక్కించిన రోజులున్నాయి. ఇప్పుడు దగ్గరికెళ్ళి ఆ గుడ్డలోకి తొంగిచూసింది. వెంట్రుకలు, దారప్పోగులు, చిన్న గోరుముక్క. ఎవరి వేలి నుంచో ఊడిన ప్లాస్టర్ ముక్క, లోపలివైపు గోధుమరంగు మరకతో.

మూలనున్న సింకు దగ్గరికి పరిగెత్తి నోరు పట్టుకుని వంగింది. పొద్దున తాగిన టీ బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుని చూస్తే సింకు అంచుమీద కూడా అదే జిడ్డు. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మరీ అంత చేయకక్కా," అన్నాడు వెనక నుంచి తమ్ముడు. "మరిగిస్తున్నాం కదా. వేడికి క్రిములన్నీ చస్తాయి. పైగా దాంట్లో సగం నువ్వు పంపిన కొత్త క్రీమే కలుపుతాను. ఉత్తగా పాతది ఎప్పుడూ ఇవ్వలేదు."

అదేదో పెద్ద నీతి పాటించినట్టు చెప్పాడు.

"తిరిగొచ్చినవన్నీ పారేస్తున్నానన్నావు కదరా నాతో?"

"పారేద్దామనే అనుకున్నా మొదట్లో. 'నచ్చకపోతే పంపేయండి, కారణం అడగం' అని నువ్వే రాయించావు పేజీలో. జనం సీలు విప్పడం, ఒక వేలు పెట్టి చూడటం, పంపేయడం. డబ్బా నిండా క్రీము అలాగే ఉండేది. దాన్ని తీసుకెళ్ళి చెత్తలో వేస్తుంటే ప్రాణం ఉసూరుమనేది."

"నిజమేనే," అంది అమ్మ. "నువ్వు పొయ్యి దగ్గర నించుని నించుని కాళ్ళు వాచి కాచిందాన్ని పారబోయడానికి నాకే చేతులు రాలేదు. నీ కష్టం వృథా పోకూడదనే కదా."

వెన్నక్క ఒక డబ్బా మూత తీసి చూసింది. మూతమీద ఆమె చేతిరాతే అచ్చువేశారు, 'ప్రేమతో, మీ వెన్నక్క' అని. ఆ అక్షరాలమీద ఎవరిదో జిడ్డు వేలి ముద్ర. తన పేరు తనకే కంపు కొడుతున్నట్టనిపించింది.

గోడవార కంప్యూటరు టింగుమంది. కొత్త ఆర్డరు. ఆమె తెరవైపు నడిచింది. రెండు చిన్న డబ్బాలు అడిగారు. కింద ఒక మాట రాశారు: 'గిఫ్ట్ ప్యాక్ చేయండి. మా చెల్లెలికి పాప పుట్టింది.'

"ముందు కొట్టు ఆపు," అంది వెన్నక్క. "మిగతావి తర్వాత తిట్టుకుందాం. కొత్త ఆర్డరు ఒక్కటి కూడా రాకూడదు."

"ఇప్పుడా? ఉన్నట్టుండి ఆపితే జనం ఏమనుకుంటారు?"

"ఉన్నదే అనుకుంటారు."

తనే కుర్చీలో కూర్చుని యజమాని పేజీలోకి వెళ్ళబోయింది. తెర ఒక కోడ్ అడిగింది. ఆ కోడ్ తమ్ముడి ఫోనుకు వస్తుంది. చొక్కా జేబులో ఫోను చిన్నగా మోగింది. వాడు జేబుమీద చెయ్యి వేసుకున్నాడు.

"చెప్పరా, కోడ్ ఏమొచ్చింది?"

"నువ్వు ముందు శాంతించక్కా. ఆపుదాం, ఆపొద్దని ఎవరన్నారు? కానీ పద్ధతిగా ఆపుదాం. 'సరుకు అయిపోయింది, త్వరలో మళ్ళీ కలుద్దాం' అని ఒక బోర్డు పెడదాం. ఈలోగా గిన్నెలన్నీ తోమించేసి, షెడ్డుకి సున్నం కొట్టించి కొత్తగా మొదలుపెడదాం. ఇకమీదట ఇలాంటివి ఉండవు, నీమీద ఒట్టు."

"ఒట్టేసి ఆ చెయ్యి నామీద పెట్టకు. కడుక్కురా ముందు."

వాడి ముఖం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే షట్టరు దగ్గర నీడ పడింది. తమ్ముడి భార్య. నిండు నెలల మనిషి, ఒక చెయ్యి నడుముమీద వేసుకుని ఆయాసంగా లోపలికొచ్చింది. బయల్దేరే ముందు వెన్నక్కే ఫోన్ చేసి షెడ్డుకు రమ్మంది.

"నువ్వెందుకొచ్చావ్?" అని తమ్ముడు అరిచినంత పనిచేశాడు. "ఈ వాసన నీకు పడదని చెప్పాను కదా. ఇంటికెళ్ళు."

ఆమె కదల్లేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని డబ్బాల వరస చూసింది. గిన్నె చూసింది. అత్తగారి ఒళ్ళో గుడ్డ చూసింది. ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"వదినా, ఆ ఫోటో పంపినావిడకి నేనేం రాశానో తెలుసా?" అంది చివరికి. "'సహజమైన పదార్థాలు కాబట్టి రవాణాలో గుంటలు పడటం మామూలే' అని. ఈయన చెప్పిందే రాశాను. మొన్నొకావిడ బాబుకి బుగ్గలమీద పొక్కులొచ్చాయి, ఏం చేయమంటారని అడిగింది. 'మొదట్లో కాస్త ఎర్రబడుతుంది, ఆపకుండా రాయండి' అన్నాను." ముక్కుమీది కొంగు జారిపోయింది. "ఆపకుండా రాయమన్నాను వదినా. పైగా చివర్లో ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను."

"నువ్వేం కంగారుపడకు," అన్నాడు తమ్ముడు. "ఆ పొక్కులు దీనివల్లేనని ఎవరు చెప్పొచ్చారు? పసిపిల్లలకి సవాలక్ష వస్తాయి. ఏసీ పడకపోయినా వస్తాయి."

కంప్యూటరు మళ్ళీ టింగుమంది. ఎవరూ తెర చూడలేదు.

"సరే," అంది వెన్నక్క. "నువ్వన్నట్టే అనుకుందాం. దీంట్లో ఏ దోషమూ లేదు. మరిగించావు, వడకట్టావు, మంచి సరుకే." ఒక డబ్బా తీసుకుని వాడి చేతిలో పెట్టింది. "రేపు నీకు బిడ్డ పుడుతుంది. పొత్తిళ్ళలో తెచ్చి నీ చేతిలో పెడతారు. ఈ డబ్బాలోది తీసి పూస్తావా?"

వాడు ఏదో ఒక అబద్ధం వెతుక్కునేలోపే అమ్మ అందుకుంది.

"ఛఛ, అవేం మాటలే? మనింట్లో వాళ్ళకి ఇదెందుకు పూస్తారు? వాళ్ళకని నేను ముందే మంచివి వేరే తీసిపెట్టాను. కలవకుండా ఉండాలని అడుగున ఎర్రచుక్క కూడా పెట్టా."



అమ్మకు తను ఏమందో అప్పటికీ అర్థం కాలేదు. అందరూ తనవైపే చూస్తుంటే కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది.

"అయితే తెలుసన్నమాట," అంది వెన్నక్క. "క్రిములు చస్తాయి, కష్టం వృథా పోకూడదు... ఆ కబుర్లన్నీ ఊళ్ళోవాళ్ళ పిల్లలకి. ఇంట్లోవాళ్ళకి ఎర్రచుక్క. నాకు కూడా ఎర్రచుక్క డబ్బాలే తెచ్చేదానివా అమ్మా?"

"నువ్వు నా కూతురివి కాదూ?"

అంత ప్రేమగా అందా మాట.

"నా బీరువాలో అన్నీ ఎర్రచుక్కవే అత్తయ్యా," అంది మరదలు నెమ్మదిగా. "లెక్క కోసం పెట్టుకున్న గుర్తేమో అనుకున్నాను." భర్తవైపు తిరిగి చెయ్యి చాపింది. "ఫోన్ ఇలా ఇవ్వండి."

"నువ్వు ఇందులోకి రాకు."

"నన్ను ఎప్పుడో దింపేశారు. ఇవ్వండి."

ఆమె అడుగు ముందుకేసి తనే జేబులోంచి ఫోను తీసుకుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని లాగడానికి వాడికి ధైర్యం చాలలేదు. ఆమె కోడ్ చదివింది, వెన్నక్క కొట్టింది. పేజీ తెరుచుకుంది. అట్టడుగున పక్కపక్కనే రెండు బటన్లు కనబడ్డాయి. 'దుకాణాన్ని తాత్కాలికంగా నిలపండి' అని ఒకటి. 'దుకాణాన్ని శాశ్వతంగా మూసివేయండి' అని ఇంకొకటి, ఎర్రటి అక్షరాల్లో.

అంతసేపూ ఆపడానికే వెనకాడిన తమ్ముడు ఉన్నట్టుండి దగ్గరికొచ్చాడు. గొంతు మెత్తబడింది.

"అక్కా, నువ్వన్నదే కరెక్టు. నాకే సిగ్గుగా ఉంది. తాత్కాలికం ఏంటి, శాశ్వతంగానే మూసేద్దాం. మనకీ పాపిష్టి వ్యాపారమే వద్దు. నొక్కెయ్."

వెన్నక్క వాడి ముఖంలోకి చూసింది. ఎంత చెడినా తోడబుట్టినవాడు. ఎక్కడో ఓ మూల మనసు తడిగా ఉండే ఉంటుందనిపించింది. ఆమె కూడా అదే కోరుకుంటోంది, ఈ పేరు, ఈ మూతలు, ఈ కంపు ఇక కంటికి కనబడకుండా పోవాలని. వేలు ఎర్ర అక్షరాల దగ్గరికి వెళ్ళింది.

"నొక్కకు వదినా!" అంది మరదలు. "అది నొక్కితే పేజీయే ఉండదు. ఎవరెవరికి ఏం పంపామో, వాళ్ళు పెట్టిన ఫిర్యాదులు, ఫోటోలు, మనమిచ్చిన జవాబులు, అన్నీ చెరిగిపోతాయి. డబ్బా ఇంట్లో పెట్టుకున్న ఏ తల్లికీ మనం కబురు చేయలేం."

వెన్నక్క తలెత్తి తమ్ముడివైపు చూసింది. వాడు చూపు తిప్పుకుని గిన్నెవైపు చూశాడు.

"సిగ్గన్నావు?" అంది.

వాడు బల్లమీది ఖాళీ డబ్బా ఒకటి తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు గీకి గిన్నెలో వేసిన దాన్ని చూసి కక్కుకున్నాను. నిన్ను చూసి ఏం చేయాలిరా?"

'తాత్కాలికంగా నిలపండి' నొక్కింది. కొన్నవాళ్ళకు కనిపించేలా ఒక ప్రకటన రాయమంటూ తెరమీద ఖాళీ గడి వచ్చింది. సైటువాళ్ళే నమూనా ఒకటి పెట్టారు: 'అనివార్య కారణాల వల్ల కొద్ది రోజులు విరామం తీసుకుంటున్నాం. మరింత నాణ్యతతో మళ్ళీ మీ ముందుకు వస్తాం.' వెన్నక్క దాన్ని అక్షరం మిగలకుండా చెరిపేసింది.

"ఏం రాస్తావే?" అంది అమ్మ కుర్చీలోంచి లేస్తూ. "నిజం రాస్తే వాడి మొహాన ఉమ్మేస్తారు జనం. నీ మొహాన కూడా."

"ఉమ్మితే తుడుచుకుందాం లేమ్మా. ఆ ఉమ్మిని ఇంకో డబ్బాలో ఎత్తి అమ్మకపోతే చాలు."

ఆమె రాసింది. ఆలోచించకుండా, తప్పులు దిద్దుకోకుండా రాసింది.

'మా దగ్గర కొన్న డబ్బాల్లో ఇతరులు వాడి తిప్పిపంపిన క్రీము కలిసింది. పొరపాటున కాదు, తెలిసే కలిపారు. మీ ఇంట్లో ఉన్న డబ్బా ఏదైనా సరే పిల్లలకు రాయకండి. ఇప్పటికే పొక్కులు వచ్చి ఉంటే డాక్టరుకు చూపించి, ఈ ప్రకటన ఆయనకు చూపండి. అమ్మకం ఆపేశాం. మీరు అడిగే ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెబుతాను. వెన్నక్క.'

చివర్లో అలవాటుగా 'ప్రేమతో' అని కొట్టబోయి ఆగిపోయింది.

"మెయిలు కూడా అందరికీ వెళ్ళేలా కింద టిక్కు పెట్టు వదినా," అంది మరదలు. వెన్నక్క పెట్టింది. నొక్కింది. దుకాణం పేజీలో 'కొనండి' అన్న బటన్లన్నీ ఒక్కసారిగా బూడిదరంగులోకి మారిపోయాయి.

తమ్ముడు స్టూలుమీద కూలబడ్డాడు. మరదలు పొయ్యి స్విచ్చి కట్టేసింది. అమ్మ గిన్నె ఎత్తి సింకులో పారబోయబోతే వెన్నక్క అడ్డం పడింది. "అది అక్కడే ఉండాలి. రేపు ఎవరైనా అడిగితే చూపించాలి." తర్వాత షట్టరు దగ్గరికెళ్ళి బయటి గాలి పీల్చుకుంది. ఎదురుగా ఒకతను సైకిలు తుడుచుకుంటున్నాడు. లోకం మామూలుగానే ఉంది. ఇక కొత్తగా ఎవరికీ ఏమీ వెళ్ళదు. వెళ్ళినవాళ్ళకు కబురు అందుతుంది. చేయగలిగింది చేశాననుకుంది.

"అయిందా నీ కసి?" అంది వెనక నుంచి అమ్మ, చేతులు తుడుచుకుంటూ. "ఆన్‌లైన్లో కొన్నవాళ్ళందరికీ టముకు వేశావు. మరి పొద్దున కారులో పంపిన పెట్టె సంగతో? వాళ్ళేమైనా కొన్నారా, వాళ్ళకి మెయిలు వెళ్ళడానికి?"

"అమ్మా!" అని తమ్ముడు స్టూలుమీంచి లేచాడు.

వెన్నక్క వెనక్కి తిరిగింది. "ఏ పెట్టె?"

అమ్మ కొడుకువైపు చూసింది.

"ఏ పెట్టెరా?"

"ఊరికే ఇచ్చిందే అక్కా," అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ. "తల్లిదండ్రుల్లేని పసిపిల్లల్ని పెంచే ఆశ్రమం ఉంది కదా, బైపాసు దాటాక. వాళ్ళకి... దానంగా. పిల్లలకి రాస్తుంటే నాలుగు ఫోటోలు తీసి పంపమన్నాను. పేజీలో పెట్టుకుంటే బాగుంటుందని."

"కొత్త డబ్బాలేనా పంపింది?"



"ఊరికే ఇచ్చేదానికి కొత్తవెందుకని..." అని అమ్మ సగంలో ఆగింది.

వెన్నక్క వాళ్ళిద్దరినీ తిట్టలేదు. తిట్టడానికి మాటలు దొరికేసరికి ఆలస్యమైపోతుంది. మరదలు అప్పటికే భర్త ఫోనులో ఆ నంబరు వెతికి, కలిపి, వెన్నక్క చేతికిచ్చింది. చాలాసేపు మోగింది. ఎత్తింది ఎవరో ఆయా. తను వెన్నక్కనని చెప్పగానే ఆయా గొంతునిండా సంతోషం పొంగింది.

"వెన్నక్కగారా! మీ పెట్టె అందిందమ్మా, మీ చేతులు చల్లగా ఉండ. మీ తమ్ముడుగారు ఫోటోలు అడిగారని పిల్లలందరికీ స్నానాలు చేయించి వరసగా పడుకోబెట్టాం. ఒక్కొక్కళ్ళకీ..."

"రాయకండి! వినండి, దాన్ని ఎవరికీ రాయకండి. రాసి ఉంటే వెంటనే కడిగేయండి!"

"ఏంటమ్మా? గోలలో సరిగా వినబడటం లేదు. ఆ చివరి బుడ్డోడు ఇందాకట్నుంచీ ఒకటే ఏడుపు. ఉండండి..." ఆయా గొంతు ఫోనుకు దూరమైంది. "ఒసేయ్, ఇలా రావే. వీడి మొహం చూడు, ఇదేంటిలా వాచిపోతోంది?"

ఫోనును ఎక్కడో బల్లమీద పడేసిన చప్పుడైంది. ఆ తర్వాత పరిగెత్తుతున్న అడుగులు వినిపించాయి. అంతలోనే, అప్పటిదాకా గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడి గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది.